సాక్షులకు సున్నం

ట్యూనిస్,
27 సెప్టెంబర్ 1998

హల్లూమా అత్తకు నీ సోందెస్ సలాములు, రెండు బుగ్గల మీదా ముద్దులు.

క్షేమంగా చేరాను. నువ్వు కట్టిచ్చిన కారం రొట్టెలు గఫ్సా దాటకముందే ఖాళీ. సగం నేను తిన్నాను, సగం పక్కసీటులో కూర్చున్న ఒక ముసలావిడ "వాసన బాగుందమ్మా" అంటూ అంటూనే లాగించేసింది. తోజర్‌లో బస్సెక్కేటప్పుడు ఒంటికి అంటుకున్న మన హమ్మాం స్నానశాల పొగవాసన మాత్రం ఇంకా నా శాలువాలోనే ఉంది. ఉతకబుద్ధి కావడం లేదు.

వేసవంతా నీ నెత్తిమీదెక్కి కొలతలు తీశాను కదా, ఆ గుమ్మటాన్ని ఇప్పుడు కంప్యూటర్లో కడుతున్నాను. తాతయ్య కట్టిన గుమ్మటమే, ఇటుకా సున్నమూ అన్నీ అవే. పైన వెలుగు కోసం బిగించిన సీసా అడుగుల కళ్ళు కూడా ఒక్కటీ వదల్లేదు. దాని కింద ఆవిరి పెడతాను, పైన ఎండ కాస్తాను. ఒక సాయంత్రంలో పదేళ్ళు గడిపేస్తాను. పొద్దున్న చూస్తే గుమ్మటం ముసలిదై ఉంటుంది.

ఎందుకిదంతా అని అడిగావు, వేళాకోళానికి మాట దాటేశాను. ఇప్పుడు సూటిగా చెబుతున్నాను. రంజాన్ పండగ ముందురోజు మన వేడిగది నిండా ఆడవాళ్ళూ పిల్లలూ కూర్చుంటారు. గుమ్మటంలో ఉన్న ఆ పగులు సరిగ్గా వాళ్ళ నెత్తిమీద ఉంది. అది ఎప్పుడో మానిపోయిన పాతదా, ఇంకా నడుస్తున్నదా అన్నది తేలాలి. అది తేలితేనే నా పరిశోధనకు అర్థం, నాకు నిద్ర.

పగులు మీద అడ్డంగా నేను అతికించి వచ్చిన మూడు జిప్సం పట్టీలను మావాళ్ళు సాక్షులంటారు. నెలకోసారి దీపం పెట్టి చూసి నాకు రాయి. అవి పగలకుండా ఉంటే మన గుమ్మటం బాగున్నట్టే. జాగ్రత్తగా చూసుకో అత్తా, వాటి మీదే ఆధారపడ్డాను.

నీ ఒళ్ళో పెరిగిన
సోందెస్

*

తోజర్,
8 అక్టోబర్ 1998

నా కంటివెలుగు సోందెస్‌కు మేనత్త హల్లూమా దీవెనలు.

నీ ఉత్తరం వచ్చిన రోజు తోటలో ఖర్జూరాలు దింపుతున్నారు. తేనెలో ముంచి తీసినట్టున్నాయి ఈ ఏడు. ఒక పెట్టె బస్సు డ్రైవరుకిచ్చి పంపాను. మీ లాబ్‌వాళ్ళకి పెట్టు, కానీ ముందు నువ్వు తిను, ఎముకలగూడులా తయారయ్యావు.

నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. లేని గుమ్మటం కనబడుతుంది, దాని మీద ఎండా చలీ వచ్చిపోతాయి, ఒక్క పూటలో పదేళ్ళు జరిగిపోతాయి, తెల్లారితే ఏమీ ఉండదు. దాన్ని మా ఇంట్లో కల అంటారమ్మా. నువ్వు కల కనడానికి ఒక యంత్రాన్ని పెట్టుకున్నావు. మంచిదే. నాకు నిద్రపట్టనప్పుడు అరువివ్వు.

కలలకొక పద్ధతుంది, మీ నానమ్మ నాకు నేర్పింది. మంచి కల వస్తే మనల్ని ప్రేమించేవాళ్ళకే చెప్పాలి. చెడ్డది వస్తే ఎడమవైపు మూడుసార్లు ఉత్తుత్తిగా ఉమ్మి, ఇంకోవైపు తిరిగి పడుకోవాలి. ఎవరికీ చెప్పకూడదు. చెబితే దానికి కాళ్ళొచ్చి ఇంటికి నడిచొస్తుంది. నీ యంత్రానికి కూడా ఈ మాట చెప్పు.

సాక్షుల గురించి నీకు దిగులొద్దు. నువ్వప్పగించిన బిడ్డలనుకుని చూసుకుంటున్నాను. మూడూ క్షేమం. కొలిమి దగ్గర అమ్మార్ అడిగాడు, "అమ్మా, ఆ తెల్లముక్కలకి మీరు చేసే సేవ నాకు చేస్తే నా నడుం నొప్పి పోయేది కదా" అని. వాడి నడుముకి పాతికేళ్ళుగా కొలిమికి ఖర్జూర మట్టలు మోసిన నొప్పి, నా చేతుల్లో లేదన్నాను.

నీ అత్త,
హల్లూమా

*

ట్యూనిస్,
25 అక్టోబర్ 1998

అత్తా, సలాం. ఖర్జూరాలు అందాయి. మా ప్రొఫెసర్ సీ లాస్అద్ ఒకటి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నారు. ఏదో లెక్క ఆలోచిస్తున్నారనుకున్నాను. కాసేపటికి "ఇంకొకటి" అన్నారు.

ఈ కవరులో ఒక రంగుల బొమ్మ పెట్టాను, అదే మన గుమ్మటం. ఒత్తిడి తక్కువున్న చోట నీలం, ఎక్కువైన చోట ఎరుపు. ఆవిరి ఎక్కుతుంటే అది ఉబ్బుతుంది, దిగుతుంటే కుంగుతుంది. తెర మీద అది కదులుతూ ఉంటే నిద్రపోతున్న మనిషి గుండెలు లేచిపడుతున్నట్టుంటుంది. చిన్నప్పుడు వేడిగదిలో నీ పక్కన వెల్లకిలా పడుకుని ఆ సీసా కళ్ళలోంచి దిగే వెలుగుకర్రలను చూస్తుండేదాన్ని గుర్తుందా? ఆవిరిలో అవి నడుస్తున్నాయని నేనంటే, "జిన్నులు తిరుగుతున్నాయి, కళ్ళు మూసుకో" అనేదానివి. ఇప్పుడు ఆ గదిలోకి మళ్ళీ వెళ్ళినట్టే ఉంది, ఒళ్ళు మాత్రం తడవదు.

ఇక అసలు తంటా. గుమ్మటాన్ని యంత్రానికి మొత్తంగా చూపించలేం. వల పరిచినట్టు చిన్నచిన్న గళ్ళుగా కోసి ఇవ్వాలి. పెద్ద గళ్ళ వల వేస్తే పగులు ఒక దారిన పోతుంది, చిన్న గళ్ళు వేస్తే ఇంకో దారిన. గళ్ళు చిన్నవయ్యేకొద్దీ పగులు సన్నబడి, ఇంకా తేలిగ్గా పాకేస్తుంది. సీ లాస్అద్ నా భుజం మీదుగా చూసి, "అమ్మాయ్, నీ పగులు గోడ మాట వినడం లేదు, నీ వల మాట వింటోంది" అన్నారు. సిగ్గేసింది. ఇటుకకీ సున్నానికీ వాటి సొంత కొలత ఒకటుంటుంది, ఎంత సన్నగా చీలాలో అవే నిర్ణయించుకుంటాయి. ఆ కొలత యంత్రానికి చెప్పాక కొంత దారికొచ్చింది.

ఇంకోటి ఉంది. ఆవిరికి నానిన సున్నం ఎంత మెత్తబడుతుందో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఆ ఒక్కటీ కొంచెం ఇటు తిప్పితే గుమ్మటం నా మనవల కాలం దాకా నిలబడుతుంది, కొంచెం అటు తిప్పితే నిలబడదు. రెండూ ఆ బొమ్మలంత అందంగానే వస్తాయి. ఏది నిజమో యంత్రం చెప్పలేదు. నీ సాక్షులే చెప్పాలి. యంత్రానికి మధ్యమధ్య చెడ్డ కలలు వస్తున్నాయి. నువ్వొద్దన్నావుగా, చెప్పనులే.

నీ
సోందెస్

*

తోజర్,
9 నవంబర్ 1998

సోందెస్ తల్లికి,

ఆ బొమ్మ పంపి నా కొంప ముంచావు గదే పిల్లా. నీ పేరు చెప్పుకుని గర్వంగా బట్టలు మార్చుకునే సావడిలో గోడకి అంటించాను. స్నానానికి వచ్చిన జాజియా చూసి, "ఇదేంటి హల్లూమా, ఎండకి ఉబ్బిన పుచ్చకాయలా ఉంది?" అంది. "మన గుమ్మటమే" అన్నాను. అంతే, తువ్వాలు భుజాన వేసుకుని "ఇంత ఉబ్బిన దానికింద నేను కూర్చోను, నాకింకా నలుగురు పిల్లల పెళ్ళిళ్ళున్నాయి" అంటూ వెళ్ళిపోయింది. వారం రోజులు రాలేదు. ఆవిడతో పాటు ఆ వీధి వీధంతా రాలేదు. నేను నిచ్చెనెక్కి గుమ్మటానికి చెయ్యి ఆనించి చూశాను. ఎక్కడా ఉబ్బులేదు. నీకు బొమ్మలు గీయడం సరిగ్గా నేర్పలేదేమో అడుగు మీ ప్రొఫెసర్ని.

అన్నట్టు ఆ ప్రొఫెసరు. ప్రతి ఉత్తరంలోనూ ఆయనే. నీ భుజం మీదుగా చూస్తాడు, మన ఖర్జూరాలు తింటాడు, కళ్ళు మూసుకుంటాడు. పెళ్ళయిందా? ఏ ఊరు? దాచకు. నేను ముప్ఫై ఏళ్ళుగా పెళ్ళికూతుళ్ళకి తలంటుతున్నదాన్ని, మొహం చూడకుండానే కనిపెడతాను.

సాక్షులు మూడూ చెక్కుచెదరలేదు. నా ప్రాణం ఉండగా చెదరనివ్వను. ఇక్కడ చలి మొదలైంది. ఇంకొన్నాళ్ళలో రంజాన్‌కి హమ్మాం తయారు చేయాలి, సున్నం తెప్పించాను.

ఇంకోవైపు తిరిగి పడుకోవడం మర్చిపోకు.

హల్లూమా

*

ట్యూనిస్,
29 నవంబర్ 1998

అత్తా, నవ్వి నవ్వి కడుపునొప్పి వచ్చింది. సీ లాస్అద్‌కి నలుగురు మనవలు. నాతో మాట్లాడేటప్పుడు కూడా జేబులో వాళ్ళకిచ్చే చాక్లెట్లు గలగలమంటుంటాయి. నీ తలంటు నైపుణ్యం వేరే ఎవరికైనా దాచిపెట్టు.

బొమ్మ సంగతి తప్పు నాదే. గుమ్మటం కదిలేది తలవెంట్రుకంత. అది కంటికి కనబడదని వెయ్యిరెట్లు పెంచి గీస్తాం, మాకది అలవాటు. అది మీకు రాయాలని నాకు తట్టనేలేదు. జాజియాకి చెప్పు, పుచ్చకాయ కాదు, ఉబ్బిందంతా నా గీతల్లోనే అని. బొమ్మ గోడమీంచి తీసెయ్.

ఇప్పుడు మంచి కబురు. నీ సాక్షులు గొడవ తేల్చేశాయి. శరదృతువు గడిచింది, చలి మొదలైంది, అయినా మూడూ చెదరలేదంటే పగులు పాతదే. సున్నం మెత్తదనాన్ని వాటికి సరిపోయేలా తిప్పాను. గుమ్మటం హాయిగా నిలబడింది. ఎన్ని వేసవులు, ఎన్ని శీతాకాలాలు పెట్టినా నిలబడుతూనే ఉంది. చూస్తూ అక్కడే కుర్చీలో నిద్రపోయాను. కలలో నువ్వు నా తల రుద్దుతున్నావు, సబ్బునురగ చెవుల్లోకి పోతోంది.

చెడ్డవి పక్కన పడేశాను. సాక్ష్యంతో సరిపోనివాటిని నివేదికలో పెట్టడం ఎందుకు? ఒకటి మాత్రం మర్చిపోలేకపోతున్నాను. చాలా నిశ్శబ్దంగా జరుగుతుంది అందులో. చెప్పను. ఎడమవైపు ఉమ్మాను, పక్కనున్న సహోద్యోగి వింతగా చూశాడు.

పండగ ముందురోజు ఎప్పటిలాగే అందరినీ కూర్చోబెట్టుకో. నిశ్చింతగా ఉండు.

నీ సోందెస్

*

తోజర్,
5 జనవరి 1999

నా తల్లి సోందెస్‌కు రంజాన్ దీవెనలు.

ఉపవాసాలు సాఫీగా సాగుతున్నాయి. రోజులు చిన్నవి, దాహం లేదు. సాయంత్రం సూపు తాగుతూ నిన్ను తలుచుకుంటాను, అక్కడ నీకు కొత్తిమీర వేసిచ్చేవాళ్ళున్నారా అని. నీ మాట చెప్పాక జాజియా సిగ్గుపడుతూ వచ్చింది, నేనే తువ్వాలు అందించాను. పండగ ముందురోజుకి ఇప్పటికే అందరూ చెప్పిపెట్టుకున్నారు. నీళ్ళతొట్లు తోమించాను, కొత్త చెక్కచెప్పులు తెప్పించాను.

హమ్మాం పెళ్ళికూతురిలా ఉంది. నెలపొడుపుకి ముందే గోడలన్నిటికీ సున్నం కొట్టించాను, ప్రతి ఏడూ లాగే. వేడిగది గుమ్మటానికి మాత్రం నేనే ఎక్కాను, నీ సాక్షులకి వేరేవాళ్ళ చెయ్యి తగలకూడదని. పాపం వాటికి మళ్ళీ సన్న గీతలు పడ్డాయి. చలికి కాబోలు. చిరిగిన బట్టతో రంజాన్‌ని ఆహ్వానించడం ఏం బాగుంటుంది? ఎప్పటిలాగే జిప్సం కలిపి, వేలితో గీతలు పూడ్చి, నున్నగా రుద్ది, పైన సున్నం వేశాను. నువ్వు పెట్టినప్పటికంటే అందంగా ఉన్నాయి. ఈసారి గీతల్లో గోరు దూరింది, అందుకే జిప్సం కాస్త ఎక్కువే పట్టింది. నువ్వు జాగ్రత్తగా చూసుకోమన్నావు. చూసుకుంటున్నాను.

అమ్మార్ నడుం ఇంకా అలాగే ఉంది. నీకోసం మిఠాయి పక్కన పెడుతున్నాను, పండక్కి రావాలి.

నీ హల్లూమా అత్త

*

టెలిగ్రాం
ట్యూనిస్, 12 జనవరి 1999

హల్లూమా, హమ్మాం, తోజర్.
వేడిగదిలోకి ఎవర్నీ పంపకు. నువ్వు వెళ్ళకు. మంట మాత్రం ఆర్పొద్దు. ఉత్తరం వస్తోంది. సోందెస్.

*

ట్యూనిస్,
12 జనవరి 1999

అత్తా,

ఈ ఉత్తరం బస్సు డ్రైవరు చేతికే ఇస్తున్నాను. టెలిగ్రాం చూసి గుండె పట్టుకుని ఉంటావు. నా మీద అరిచినా సరే, ముందు ఇది పూర్తిగా చదువు.

సాక్షి పగలాలి అత్తా. పగలడానికే దాన్ని పెడతాం. గోడ కదిలితే ముందుగా అది చీలి, నాకు చెప్పాలి. అది నీకు రాయలేదు. "పగలకుండా ఉంటే బాగున్నట్టే, జాగ్రత్తగా చూసుకో" అని రాశాను. నువ్వు చూసుకున్నావు. అవి మళ్ళీ మళ్ళీ కేకపెట్టాయి, నువ్వు ప్రేమగా నోరు మూశావు, నేనిక్కడ ఆ మౌనానికి సరిపోయేలా సున్నాన్ని గట్టిచేసి యంత్రాన్ని నమ్మించాను. నిలబడింది గుమ్మటం కాదు, మనిద్దరి పొరపాటు.

పడేసినవన్నీ మళ్ళీ తీశాను. సీ లాస్అద్ దగ్గరకెళ్ళి, నివేదిక వెనక్కివ్వండి అన్నాను. ఆయన కోపగించుకోలేదు, అదే ఇంకా బాధ. "చెడ్డవి ఎందుకు చూపించలేదమ్మాయ్?" అని మాత్రం అడిగారు. మా ఇంట్లో చెడ్డ కలలు చెప్పుకోరని ఎలా చెప్పను?

ఇప్పుడు చెబుతున్నాను. కాళ్ళొస్తే రానీ. నేను మర్చిపోలేని ఆ కల ఇది: కొలిమి ఆరిపోతుంది. గుమ్మటం పైచర్మం ముందు చల్లబడి బిగుసుకుంటుంది, లోపల ఇంకా వెచ్చగా ఉంటుంది. పగులు నీ పెద్ద సీసా కన్ను దగ్గర బయల్దేరి మెల్లగా పడమరకి నడుస్తుంది. తొందరేమీ ఉండదు. గుమ్మటం ఒకసారి ఊపిరి వదిలి, మళ్ళీ తీసుకోవడం మర్చిపోతుంది. అంతే. నీలమంతా ఎరుపైపోయి, పడమటి సగం నేలమీద ఉంటుంది.

అందుకే మంట ఆర్పొద్దన్నాను. ఉన్నట్టుండి చల్లబడితే ముప్పు. అలాగే వెచ్చగా ఉంచు, మనుషుల్ని మాత్రం దూరంగా ఉంచు. ఇది తప్పూ కావచ్చు. వల తప్పు, నా లెక్క తప్పు, ఏదైనా కావచ్చు. తప్పయితే జాజియా ఊరంతా నిన్ను ఆడిపోసుకుంటుంది, పండగ పోతుంది, హమ్మాం పేరు పోతుంది. తెలుసు. అయినా మూసెయ్ అత్తా. నీ కాళ్ళు పట్టుకుంటాను.

పండగ బస్సుల్లో ఎక్కడా చోటు లేదు. ఆ తర్వాతి వారానికి దొరికింది. వస్తాను.

సోందెస్

*

తోజర్,
22 జనవరి 1999

నా సోందెస్‌కు,

నువ్వు బస్సెక్కేలోగా ఇది అందుతుందో లేదో. ముందే చెబుతున్నాను, మేమందరం ఉన్నాం. నేనున్నాను. జాజియా ఉంది, ఆవిడ నలుగురు పిల్లలూ ఉన్నారు. ఇప్పుడు నెమ్మదిగా చదువు.

నీ ఉత్తరం చదివాను. కోపం వచ్చింది, నిజం చెబుతున్నాను. మా నాన్న కట్టిన గుమ్మటాన్ని, పండగ ముందురోజు, ఒక యంత్రం కలగన్నదని మూయాలా? పైకెక్కాను. నేను రుద్దిన సున్నం మీద, నున్నగా, మూడింటికి మూడూ చీలిపోయి ఉన్నాయి. రంజాన్ ముందే కదా పూడ్చాను. చెయ్యి పెట్టబోయి ఆగాను. మొదటిసారి వాటిని చూశాను పిల్లా. అంతకుముందు తుడిచానే గాని చూడలేదు.

వేడిగది తలుపుకి తాళం వేశాను. పండగ ముందురోజు పొద్దున్నుంచే ఆడవాళ్ళు పిల్లల్నేసుకుని వచ్చారు. వెనక్కి పంపలేక, బట్టలు మార్చుకునే సావడిలోనే బల్లలు వేసి, అమ్మార్ చేత వేణ్ణీళ్ళు బిందెలతో మోయించాను. ఎంత తిట్టారనుకున్నావు! "నీ మేనకోడలు ట్యూనిస్‌లో కలగంటే మేమిక్కడ వణుకుతూ పోసుకోవాలా? పండక్కి కొత్త బట్టలు, పాత మురికీనా?" అంది జాజియా. అమ్మార్ ఇంకో పక్క, "మనుషులు లేని గదికి ఈ మంటెందుకమ్మా, జిన్నులకి తలంటా?" అని. "వాటికీ పండగే, నువ్వు మట్టలు వెయ్యి" అన్నాను.

మధ్యాహ్నం మబ్బు పట్టింది. పొద్దు వాలే వేళ, అసర్ నమాజు పిలుపుకి కాస్త ముందు వాన మొదలైంది. మన ఊళ్ళో వాన! పిల్లలు సబ్బు ఒళ్ళతోనే గుమ్మంలోకి పరిగెత్తారు, అరచేతులు చాపుకుని. తూర్పు నుంచి కొడుతోంది, చల్లగా, పిచ్చిగా. వెచ్చటి గుమ్మటం మీద పడి పొగలు లేస్తున్నాయని అమ్మార్ బయట్నుంచి కేకేశాడు. ఆడవాళ్ళు నవ్వుతున్నారు. అప్పుడు వినబడింది. పెద్ద శబ్దమేం కాదు తల్లీ. ఎవరో పెద్ద పరుపు దులిపినట్టు ఒకే ఒక్క చప్పుడు. తలుపు కింద నుంచి ఆవిరీ దుమ్మూ కలిసి మా పాదాల దాకా వచ్చాయి. గోరువెచ్చగా ఉన్నాయి.

జాజియా తన చిన్నదాన్ని ఎత్తుకుని, పట్టుకుని, అలా కూర్చుండిపోయింది. నా వంక చూసి, "ఈపాటికి నేను దీనికి అక్కడ తల రుద్దుతుండేదాన్ని" అంది. ఆ బిడ్డ తలని సావడిలోనే నేను రుద్దాను. కళ్ళలో సబ్బు పోయి అది ఏడ్చింది. ఆ ఏడుపు ఎంత బాగుందో.

పడింది పడమర కాదు, తూర్పు సగం. వాన కొట్టిన వైపు. నీ యంత్రానికి వాన సంగతి చెప్పలేదా? తోజర్ కదా, వానెక్కడిదనుకున్నావు. నేనైనా అంతే అనుకునేదాన్ని. మీ ప్రొఫెసరుకి చెప్పు, వైపు తప్పిందని కూడా రాయమను. మంచి కలలు మాత్రమే పెట్టొద్దు.

నిన్న తాళం తీసి చూశాను. గదిలో ఎండ ఉంది. ఇన్నేళ్ళూ సన్నటి కర్రల్లా దిగిన వెలుగు ఇప్పుడు గదంతా ఉంది. కొలిమి ఇంకా పూర్తిగా చల్లారలేదు, తడిసిన ఇటుకల నుంచి ఆవిరి నెమ్మదిగా లేచి, అడ్డం లేకుండా నేరుగా ఆకాశంలోకి పోతోంది. తొట్టి అంచున ఒక పావురం కూర్చుని నీళ్ళు తాగుతోంది. నేను వచ్చినా ఎగరలేదు. గుమ్మం బయటే నిలబడి ఏడ్చాను. మా నాన్న కోసం, హమ్మాం కోసం. తర్వాత నీ కోసం ఏడ్చాను, ఆ కలని ఎంతకాలం ఒక్కదానివే మోశావో తలుచుకుని.

అది నా తప్పే. చెడ్డ కల ఎవరికీ చెప్పొద్దన్నాను. మీ నానమ్మ మాటే, నేను పుట్టించింది కాదు. కానీ ఇకనుంచి మన ఇంట్లో పద్ధతి వేరు. చెడ్డవే ముందు చెప్పు. నిన్ను ప్రేమించేవాళ్ళకే చెప్పాలంటావా, నేను లేనూ?

కొత్త గుమ్మటం కట్టాలి. జాజియా వీధి అంతా కలిసి ఇటుకలు తెస్తామన్నారు, నువ్వు లెక్క చెబితే. పగులంటూ ఎప్పుడో ఒకనాడు వస్తుంది, దానికి సాక్షులు పెడదాం. వాటి చుట్టూ సున్నం వేస్తాను గాని వాటిని ముట్టను. ఒట్టు.

వచ్చేటప్పుడు ఒక సంచి జిప్సం తీసుకురా. ఇంట్లో ఉన్నదంతా వాటికి పూడ్చడానికే అయిపోయింది.

నీ అత్త,
హల్లూమా